నర్గెసీ చల్లారేలోగా

"మీకు గుడ్డు కొట్టనా, వద్దా?"

పరిచయమైన అయిదు నిమిషాలకే, చేతిలో గుడ్డు పట్టుకుని వంటింటి గడపలో నిలబడి ఒక అమ్మాయి ఇలా అడిగితే ఏ మర్యాదస్తుడైనా ఏం చెబుతాడు? బర్దియా కూడా అదే చెప్పాడు.

"అబ్బే, వద్దండీ. దారిలో తినే వచ్చాను."

పచ్చి అబద్ధం. తెల్లవారకముందే ఇస్ఫహాన్‌లో బస్సెక్కిన మనిషి షీరాజ్‌లో దిగేదాకా గ్లాసుడు టీ తప్ప ఏమీ పుచ్చుకోలేదు. దిగీ దిగగానే పై గది అద్దెకు ఉందని విని ఇంటావిడ తూబా ఖానుం తలుపు తట్టాడు. తలుపు తీయగానే ఉల్లిపాయలు వేగుతున్న వాసన వచ్చి అతని ముక్కు పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది.

"అదేం మాట కాకో" అంది తూబా ఖానుం. షీరాజ్ ముసలమ్మలకు కనబడ్డ ప్రతి మగవాడూ కాకోనే, తమ్ముడే. "శుక్రవారం పూట మా గుమ్మం తొక్కి తినకుండా వెళ్తావా? నీ పాదం మా కళ్ల మీద. కూర్చో."

"థాంక్సండీ, మీ చేతికి నొప్పి రాకూడదు. నిజంగా ఆకలి లేదు."

"ఒక్క ముద్ద తిను."

"మీకు శ్రమ ఇవ్వడం నాకిష్టం లేదండీ."

లెక్క ప్రకారం ముసలమ్మ ఇంకోసారి అడగాలి. అప్పుడతను "మీరింతగా అంటున్నారు కాబట్టి" అని చెయ్యి చాచాలి. తారొఫ్ అంటే అదే. మొహమాటానికి అన్నగారు. షీరాజ్‌లోనూ ఇస్ఫహాన్‌లోనూ పిల్లలు నడకతో పాటే దీన్నీ నేర్చుకుంటారు.

ఒక్క పరస్తూ తప్ప. తూబా ఖానుం మనవరాలు ముక్కుసూటి మనిషి. చిన్నప్పుడు మండుటెండలో మేనత్త ఇంటికి వెళితే ఫాలూదా ఇచ్చారు. బామ్మ నేర్పినట్టే వద్దంది. మళ్లీ అడిగితే మళ్లీ వద్దంది. మూడోసారి మేనత్త అడగలేదు, గిన్నె తీసుకెళ్లి తన కొడుకు ముందు పెట్టింది. వాడు చెంచా నాకుతుంటే చూస్తూ పరస్తూ ఒట్టు పెట్టుకుంది. కావాలంటే కావాలి, వద్దంటే వద్దు. ఎదుటివాళ్ల మాటనూ ఆ పిల్ల అలాగే తీసుకుంటుంది.

కాబట్టి అతను వద్దనగానే వెనక్కి తిరిగింది. వేయించిన ఉల్లిపాయల్లో పసుపూ వెల్లుల్లీ వేసి మగ్గించిన పాలకూరలో రెండు గుంటలు చేసి, తనకొకటి, బామ్మకొకటి గుడ్లు కొట్టి మూత పెట్టేసింది. నర్గెసీ అనే ఈ కూరకు ఒకసారి మూత పడిందంటే మళ్లీ గుడ్డు వేయడానికి లేదు. వేస్తే మొదటివి రాళ్లయిపోతాయి.

మూత తీసి పెనం తెచ్చి మధ్యలో పెట్టింది. పచ్చటి కూరలో తెల్లటి రెక్కలు, నడుమ పసుపు. అచ్చం నర్గిస్ పువ్వులు, కూరకు ఆ పేరు అందుకే. రెండే పువ్వులు.

తూబా ఖానుం ముఖం పాలిపోయింది. "పరస్తూ. అతిథికేదే?"

"వద్దన్నారుగా బామ్మా."

"అంటే మాత్రం?"

సరిగ్గా అప్పుడు బర్దియా కడుపు కుయ్‌మంది. మామూలు కుయ్ కాదు, పక్కింటివాళ్లు కూడా తలతిప్పి చూసే రకం. అతను కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"మీ కడుపు నిజం చెబుతోంది" అంది పరస్తూ. "మీ నోరెందుకండీ అబద్ధం చెబుతోంది?"

"మర్యాద కోసం."

"మర్యాద తింటే ఆకలి తీరుతుందా?"

అని తన గుడ్డును గరిటెతో రెండు చేసి, సగం అతని పళ్లెంలో వేసి, వేడి రొట్టె ముందుకు తోసింది. అతను ఈసారి వద్దనలేదు. పుల్లనారింజ పిండుకుని, రొట్టె ముక్కతో పచ్చసొన చుట్టూ తిప్పి నోట్లో పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. అలా కళ్లు మూసుకుని తినేవాణ్ని చూస్తే వండిన మనిషికి కోపం నిలవదు. పరస్తూకూ నిలవలేదు, కానీ ఆ సంగతి పైకి కనబడనివ్వలేదు.

గది కుదిరింది. బర్దియా ఫిజిక్స్ టీచరు. ఇక్కడి బడిలో ఒక మాస్టారు వెన్నునొప్పితో సెలవు పెడితే ఆ స్థానంలో వచ్చాడు. పరస్తూది కళ్లద్దాల షాపులో ఉద్యోగం. అమ్మానాన్నలు నాన్న పనిమీద బందర్ అబ్బాస్‌లో ఉంటే ఆమె బామ్మ దగ్గరే ఉంటోంది.

వారం తిరక్కుండానే అతను ఆ షాపుకు వచ్చాడు. కొత్త ఫ్రేమ్ పెట్టుకుని అద్దంలో చూసుకుంటూ "ఎలా ఉందండీ?" అన్నాడు.

"గుడ్లగూబలా ఉన్నారు."

వెనక నుంచి షాపు యజమాని గట్టిగా దగ్గాడు.

"మరి ఇది?"

"ఇది పెట్టుకుంటే మీ క్లాసులో పిల్లలు మిమ్మల్ని చూసి భయపడతారు. అదే కావాలనుకుంటే తీసుకోండి."

"మీ షాపులో అమ్మకాలు ఎలా జరుగుతున్నాయండీ?"

"నేను బాగుందన్నది ఎవరూ వెనక్కి తేలేదు" అంది పరస్తూ, ఒక పల్చటి ఫ్రేమ్ తీసి తనే అతని చెవులకు తగిలిస్తూ. "ఇది. ఇప్పుడు బాగున్నారు."

బర్దియా అద్దంలో తనను చూసుకోవలసింది పోయి ఆమెను చూశాడు. ఈ పిల్ల బాగున్నారు అందంటే బాగున్నట్టే. అమ్మ కూడా అతనికి ఇంత నమ్మకం కలిగేలా చెప్పలేదు.

ఆ సాయంత్రం వర్షం పట్టుకుంది. అతని దగ్గర గొడుగుంది, ఆమె దగ్గర లేదు.

"ఈ గొడుగు మీరు తీసుకోండి."

"ఇవ్వండి" అంది పరస్తూ, తీసుకుని చక్కా పోయింది.

ఇల్లు చేరాక బామ్మ అడిగింది. "గొడుగెక్కడిదే?"

"బర్దియా గారిది."

"మరి ఆ అబ్బాయో?"

ఆ అబ్బాయి అప్పుడే గేటు తీసుకుని వచ్చాడు. జుట్టులోంచి నీళ్లు కారి కొత్త కళ్లజోడు మీద పడుతున్నాయి. మర్నాటికి జ్వరం. పరస్తూ సూప్ గిన్నె పట్టుకుని మెట్లెక్కి గది గుమ్మంలో నిలబడింది. లోపల తప్పు చేసినట్టు గుబులుగా ఉంది. పైకి మాత్రం దబాయించింది.

"మొహమాటానికి ఇచ్చారని నాకెలా తెలుస్తుందండీ? ఇచ్చారు, తీసుకున్నాను."

"మొహమాటానికి ఇవ్వలేదండీ."

"మరి?"

"నిజంగానే ఇచ్చాను" అని తుమ్మాడు. "మీరు తడవకూడదని."

పరస్తూ గిన్నె కింద పెట్టి గబగబా మెట్లు దిగింది. ఆ రోజు నుంచి వర్షం వస్తే ఆమెకు ఊరికే నవ్వొచ్చేది.

చలికాలమంతా శుక్రవారం శుక్రవారం నర్గెసీయే. అతను మెల్లగా దారికొచ్చాడు. "గుడ్డు?" అంటే మొదట్లో నసిగేవాడు, తరువాత తలూపేవాడు, చలి ముదిరే బహ్మన్ నెల వచ్చేసరికి "రెండు" అనేవాడు.

"మీ ఇస్ఫహాన్ వాళ్లు పిసినారులని విన్నాను. తినడంలో కాదన్నమాట" అనేది పరస్తూ.

"మీ షీరాజ్ వాళ్లు బద్ధకస్తులని విన్నాను. మాట్లాడటంలో కాదన్నమాట" అనేవాడు అతను.

తూబా ఖానుం రొట్టె నములుతూ ఇద్దరినీ మార్చి మార్చి చూసేది. ముసలిదే గానీ చూపు మందగించలేదు. ఒక మధ్యాహ్నం మనవరాల్ని పక్కన కూర్చోబెట్టుకుని పాలకూర కాడలు తుంచుతూ మొదలుపెట్టింది.

"ఆ అబ్బాయి రేపో మాపో అడుగుతాడు."

పరస్తూ చేతిలో కాడ విరిగింది. "ఏం అడుగుతాడు?"

"తెలియనట్టు నటించకు, నీకు చేతకాదు. అడిగితే ఏమంటావ్?"

"ఊఁ అంటాను."

"అదే వద్దంటున్నాను. కిందటేడు ఏమైందో మరిచిపోయావా?"

మరిచిపోలేదు. కిందటేడు పెళ్లిచూపులకు వచ్చిన వాళ్లకు పరస్తూ టీ ట్రే తెచ్చింది. పిల్లవాడి తల్లి మాటవరసకు "మా అబ్బాయి నచ్చాడా తల్లీ?" అంది. పరస్తూ ట్రే పట్టుకునే "నచ్చాడండీ, చేసుకుంటాను" అనేసింది. టీ తాగకుండానే వాళ్ల మొహాలు చల్లారిపోయాయి. మళ్లీ రాలేదు. 'ఆ పిల్లకు సిగ్గులేదు, తొందరెక్కువ' అన్న మాట మాత్రం వీధులు దాటి వచ్చింది. పరస్తూ అందరి ముందూ నవ్వేసింది. ఆ తరువాత ఒంటరిగా ఏడ్చింది, అది బామ్మ చూసింది.

"మొదటిసారి అడిగితే వద్దనాలి" అంది తూబా ఖానుం, గొంతు తగ్గించి. "రెండోసారి అడిగితే తల దించుకోవాలి. మూడోసారి పెద్దవాళ్ల ఇష్టం అనాలి. ఆఖరికి నిఖా రోజున కూడా పెళ్లికూతురు మొదటి పిలుపుకు ఊఁ అనదు కదే. నీ తాతను నేను ఎన్నిసార్లు తిప్పించుకున్నానో. బతికినన్నాళ్లూ నన్ను నెత్తిన పెట్టుకున్నాడు. ఈ ఒక్కసారికి నా మాట విను తల్లీ. ఈ అబ్బాయి చేజారితే నువ్వు తట్టుకోలేవు, నాకు తెలుసు."

అది నిజం. అందుకే పరస్తూ మొదటిసారిగా తన ఒట్టు మీద తనకే అనుమానం తెచ్చుకుంది.

ఏడాదిలో ఆఖరిదైన ఇస్ఫంద్ నెల మధ్యలో, సన్నగా వాన పడుతుంటే, మెట్ల మొదట్లో అతను ఆమెను ఆపాడు. చేతిలో రొట్టెలున్నాయి. అవి ఎక్కడ పెట్టాలో తెలియక ఛాతీకి హత్తుకున్నాడు.

"పరస్తూ గారూ, ఆ మాస్టారు నౌరూజ్ కొత్త సంవత్సరం పండగ తరువాత వచ్చేస్తున్నారు. ప్రిన్సిపాల్ నన్ను ఇంకో క్లాసుకు ఉండమంటున్నారు. సెలవులకు ముందే చెప్పాలి."

"ఉండండి మరి."

"ఉండాలో వెళ్లాలో మీ మాట మీద ఉంది." అతను రొట్టెలను ఇంకా గట్టిగా హత్తుకున్నాడు. "మీరంటే నాకు చాలా ఇష్టం. నన్ను చేసుకుంటారా? మీరు ఊఁ అంటే మా అమ్మను పిలిపించి పద్ధతిగా అడిగిస్తాను."

పరస్తూ నాలుక చివరన 'చేసుకుంటాను' అన్న మాట సిద్ధంగా ఉంది. దాని వెనకే ఆ టీ ట్రే, ఆ చల్లారిన మొహాలు కనబడ్డాయి. కళ్లు నేలకు దించింది.

"వద్దండీ" అంది.

వాన అతని కళ్లజోడు మీద చినుకులు పెట్టింది.

"సరేనండీ" అన్నాడు చివరికి. "సూటిగా చెప్పారు. థాంక్స్."

రొట్టెలు ఆమె చేతిలో పెట్టి మెట్లెక్కి వెళ్లిపోయాడు. రెండోసారికి దించుకోవాల్సిన తలను ముందే దించుకుని పరస్తూ అక్కడే నిలబడిపోయింది.

"ఎన్నిసార్లు అడిగాడు?" అంది బామ్మ ఆత్రంగా.

"ఒక్కసారి."

"ఒక్కసారేనా? రేపు మళ్లీ అడుగుతాడులే."

రేపు అడగలేదు. ఎల్లుండీ అడగలేదు. ఎదురుపడితే మర్యాదగా సలాం చెప్పి పక్కకు తప్పుకునేవాడు. శుక్రవారం భోజనానికి బడిలో పనుందని కబురు పెట్టాడు. పై గదిలో పుస్తకాలు అట్టపెట్టెల్లోకి దించుతున్న చప్పుళ్లు వినిపించసాగాయి. ఒక్కో చప్పుడూ పరస్తూ నెత్తిమీదే పడుతున్నట్టుంది.

"పిసినారి ఇస్ఫహాన్ వాడు" అంది తూబా ఖానుం. "అడగడంలో కూడా పొదుపేనా?"

"ఆయన్ని ఏమనకు బామ్మా." పరస్తూ కళ్లు ఎర్రబడ్డాయి. "ఆయన నిజంగా అడగలేదు. ఇన్నాళ్లు మన ఉప్పు తిన్నాడు కదా, వెళ్లేముందు మర్యాదకు ఒక మాట అన్నాడు. నేను వద్దన్నాను. ఆయన బరువు దిగింది. అంతే."

"మర్యాదకు ఎవరైనా పెళ్లి చేసుకుంటానంటారటే?"

"ఆయన మర్యాద నీకు తెలియదు. ఆకలితో చచ్చిపోతూ కూడా తినే వచ్చానంటాడు."

తూబా ఖానుం మనవరాలి చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చుంది. తను నేర్పిన ఒక్క మాట ఆ పిల్ల మీద ఇంత పని చేస్తుందని ఆమె అనుకోలేదు.

సామాను తీసుకెళ్లడానికి సాయంగా బర్దియా తల్లి ఇష్రత్ ఖానుం ఇస్ఫహాన్ నుంచి వచ్చింది. ఇంటికొచ్చిన మనిషిని తినకుండా పంపితే తూబా ఖానుం తూబా ఖానుమే కాదు. వెళ్లేరోజు మధ్యాహ్నం భోజనానికి పిలిచింది. ఇంట్లో పాలకూర ఉంది. పరస్తూ పొయ్యి దగ్గరకు వెళ్లి, ఎవరినీ ఏమీ అడగకుండా నలుగురికి గుడ్లు కొట్టి మూత పెట్టింది.

"నేనేమైనా చెయ్యనా తల్లీ?" అంటూ ఇష్రత్ ఖానుం వంటింట్లోకి వచ్చింది. పొట్టి మనిషి, మెత్తటి గొంతు.

"అయిపోయిందండీ. కూర్చోండి."

ఆవిడ కూర్చోలేదు. గుడ్డతో గ్లాసులు తుడవడం మొదలుపెట్టింది. "ఒక మాట చెప్పనా? ఏమనుకోకు. నువ్వు కాదన్నావని నాకు కోపం లేదు. పిల్లల మనసులు మన చేతుల్లో ఉండవు. కానీ నా కొడుకు సరిగ్గా తినడం లేదు. నేను వెళ్లి ఇంకోసారి అడుగుతానురా అన్నాను. కన్నతల్లిని కదా."

పరస్తూ చేతిలో గరిటె ఆగింది. "మరి?"

"వాడు ఒప్పుకోలేదు. 'ఆవిడ మనలాంటిది కాదమ్మా. కావాలంటే కావాలంటుంది, వద్దంటే వద్దంటుంది. నేను మొదట ఇష్టపడ్డదే అందుకు. ఇప్పుడు మళ్లీ అడిగితే ఆవిడ మాటకు విలువ ఇవ్వనట్టు. నన్ను చంపినా అడగను' అన్నాడు."

పరస్తూ గోడకు ఆనుకుంది. తనను సిగ్గులేనిదన్నారు, తొందరెక్కువన్నారు, నోటి దురుసుదన్నారు. ఒక్కడు, ఈ ఒక్కడే, ఆమె మాటను ఆమె మాటగా తీసుకున్నాడు. అలాంటివాడికే ఆమె మొట్టమొదటి అబద్ధం చెప్పింది.

"ఏమైంది తల్లీ?"

"ఏం లేదండీ. పదండి, గుడ్లు గట్టిపడిపోతాయి."

భోజనానికి నేల మీద పరిచిన సుఫ్రా దగ్గర మరో యుద్ధం మొదలైంది. పెద్దలకిచ్చే పై చోటులో ఎవరు కూర్చోవాలన్నది గొడవ.

"మీరు కూర్చోవాలి" అంది తూబా ఖానుం.

"మీరుండగా నేనా? నేను మీ కాలి ధూళిని."

"నా మీద ఒట్టే, కూర్చోండి."

"చచ్చినా కూర్చోను."

ఇద్దరూ ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని తోసుకుంటున్నారు. బర్దియా గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. పరస్తూ పెనం పట్టుకుని గడపలో నిలబడింది. పెనం వేడికి పచ్చసొన మీద తెల్లటి పొర కమ్ముకుంటోంది. బయట కారు డ్రైవరు హారన్ కొట్టాడు. ఇంకో రెండు మర్యాదలు నడిస్తే నర్గెసీ చల్లారిపోతుంది, అతను వెళ్లిపోతాడు.

"బర్దియా గారూ" అంది.

గదిలో తోపులాట ఆగింది.

"ఆ రోజు నేను వద్దన్నది అబద్ధం. మీరు మళ్లీ అడుగుతారని అన్నాను. ఆడపిల్ల అలా అనాలని అన్నారు, అన్నాను. నాకు అలవాటు లేదు, అందుకే చెడగొట్టాను."

"పరస్తూ" అంది బామ్మ గుండె పట్టుకుని.

"ఉండు బామ్మా, పెనం కాలుతోంది. ఆయన్ను మళ్లీ అడగమని ఎందుకు అనాలి? ఒకసారి అడిగారు. ఈసారి నా వంతు." ఆమె కళ్లు దించలేదు. "బర్దియా గారూ, మీరు నన్ను చేసుకుంటారా?"

ఆ ఇంట్లోనే కాదు, ఆ వీధి పుట్టాక ఒక ఆడపిల్ల పెద్దవాళ్ల ముందు అలా అడిగి ఎరగదు. తూబా ఖానుం ఊపిరి బిగబట్టి ఆ కుర్రవాడి నోటివైపు చూసింది. ఈ ఇస్ఫహాన్ మర్యాదస్తుడు ఇప్పుడు 'అబ్బే, నేను మీకు తగను' అని మొదలుపెడితే ఈ పిల్ల ఏమైపోతుంది? ముసలమ్మ దేవుడికి మొక్కుకోవడానికి కూడా టైం లేకపోయింది.

"చేసుకుంటాను" అన్నాడు బర్దియా.

అడిగిన మాట ఇంకా గాలిలో ఉండగానే అన్నాడు. అని, తనే ఆశ్చర్యపోయినట్టు నిలబడ్డాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇష్రత్ ఖానుం నోటిమీద చెయ్యి పెట్టుకుంది. "వీణ్ని కని, పెంచి, పెద్ద చేశాను. ఒక్కసారి అడిగితే ఒప్పుకోవడం ఇదే చూడటం" అని, నవ్వుతూ ఏడుస్తూ తూబా ఖానుంను కావలించుకుంది. "ఖానుం, మీ పిల్లను మాకివ్వండి."

తూబా ఖానుం అలవాటు కొద్దీ నోరు తెరిచింది. అబ్బే, మా పిల్ల మీకు తగునా, కొంచెం ఆలోచించుకోనివ్వండి, ఇంకా చిన్నది. ఇవన్నీ వరసగా నాలుక మీదకు వచ్చాయి. మనవరాలి మొహం చూసింది. అన్నీ మింగేసింది.

"ఇచ్చాను" అంది. "ఇంకేం ఆలోచించను. దాని అమ్మానాన్నలకు ఇప్పుడే ఫోన్ చేస్తాను. నువ్వు ముందు ఆ డ్రైవర్ని పంపించెయ్యి కాకో, ఆ తరువాత మీ ప్రిన్సిపాల్‌కు చెప్పు. పెట్టెలు పైకి మోసుకోవడం నీ బాధ్యతే, మా షీరాజ్ వాళ్లం బద్ధకస్తులం."

పై చోటు సంగతి అందరూ మరిచిపోయారు. ఎవరికి తోచిన చోట వాళ్లు కూర్చున్నారు. గుడ్లు గట్టిపడనే పడ్డాయి. రొట్టె ముంచడానికి సొన కారలేదు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

పరస్తూ అతనికి ఎదురుగా కూర్చుంది. ఇన్నాళ్లూ గలగలమన్న మనిషికి ఇప్పుడు ఒక చిన్న మాట అనడానికి ధైర్యం కూడదీసుకోవలసి వచ్చింది.

"బర్దియా" అంది మెల్లగా, మొదటిసారి గారు లేకుండా. "నీకు పెరుగు కావాలా?"

"కావాలి" అన్నాడు అతను. "నువ్వు వడ్డిస్తే."